ఏ ఓడ ఎక్కాలో ఎవరు తేల్చాలి? సౌదీ రేవుల మీద ఒక సంవాదం

అనుకూల పక్షం: విదేశీ ఓడ తన రేవులోకి వచ్చినప్పుడు దాన్ని ఎక్కి చూసే అధికారం ప్రతి దేశానికీ ఉంది. దీన్నే పోర్ట్ స్టేట్ కంట్రోల్ అంటారు. ఓడ భద్రతకు మొదటి బాధ్యత అది ఎగరేసే జెండా దేశానిది. ఆ దేశం చూసీ చూడనట్టు వదిలేస్తే అడ్డుకోవడానికి మిగిలిన కాపలా ఈ తనిఖీయే. 1978లో ఫ్రాన్స్ తీరంలో అమోకో కాడిజ్ ట్యాంకర్ విరిగి చమురు సముద్రం పాలయ్యాక, 1982లో ఓడల తనిఖీ కోసం పారిస్ ఒప్పందం వచ్చింది. అదే బాటలో గల్ఫ్ సహకార మండలిలోని ఆరు దేశాలు 2004లో రియాద్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని సచివాలయం మస్కట్‌లో ఉంది. సౌదీ అరేబియా ఈ ఒప్పందంలో సభ్యదేశం. జెద్దా, దమ్మామ్, జుబైల్, యాన్‌బూ, జీజాన్, దుబా రేవులకు వచ్చే ఓడలన్నిటినీ ఎక్కి చూసేంత మంది అధికారులు ఎక్కడా ఉండరు. ఇంజన్ గది, లైఫ్‌బోట్లు, అగ్నిమాపక పరికరాలు, సిబ్బంది పత్రాలు ఒక్క ఓడలో సరిగా చూడాలన్నా గంటల పని. అంటే కొన్నిటిని ఎంచుకోక తప్పదు. పాత తనిఖీల రికార్డుల నుంచి నేర్చుకున్న మెషిన్ లెర్నింగ్ మోడల్, ఓడ లంగరు వేయకముందే దాని ప్రమాద స్థాయిని స్కోరుగా చెప్పగలదు. ఉన్న కొద్దిమంది అధికారులనూ అవసరమున్న చోటికి పంపడానికి ఇంతకంటే మంచి సాధనం ప్రస్తుతానికి లేదు.

సంశయ పక్షం: ఎంపిక తప్పదన్న విషయంలో వివాదం లేదు. కానీ ఎంపికకు ఇప్పటికే ఒక పద్ధతి ఉంది, అందరి కళ్ళ ముందూ ఉంది. పారిస్ ఒప్పందం 2011 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన పాయింట్ల పట్టికనే తీసుకోవచ్చు. చమురు, గ్యాస్, రసాయన ట్యాంకర్లకు, బల్క్ క్యారియర్లకు, ప్రయాణికుల ఓడలకు రెండు పాయింట్లు. పన్నెండేళ్ళు దాటిన ఓడకు ఒకటి. జెండా దేశం నల్లజాబితాలో ఉంటే తీవ్రతను బట్టి ఒకటో రెండో. నడిపే కంపెనీ రికార్డు బాగాలేకపోతే రెండు. గత 36 నెలల్లో రెండుసార్లో అంతకంటే ఎక్కువసార్లో రేవులో నిలిపివేసి ఉంటే ఒకటి. అన్నీ కలిపి ఐదుకు చేరితే అది అధిక ప్రమాద ఓడ, ఐదారు నెలలకొకసారి తనిఖీ. తక్కువ ప్రమాద ఓడకైతే 24 నుంచి 36 నెలల వ్యవధి. కాగితం, పెన్సిలు ఉంటే చాలు, యజమాని తన ఓడ స్కోరు తానే వేసుకోగలడు. ఏది దిద్దుకుంటే ఏ పాయింటు తగ్గుతుందో అతనికి తెలుస్తుంది. ఓడలను బాగుపడేలా చేయడమే పట్టిక ఉద్దేశం. వందల నిర్ణయ వృక్షాల ఓట్లు కూడి వచ్చే ర్యాండమ్ ఫారెస్ట్ మోడల్ స్కోరు చూసి అతను ఏం దిద్దుకోవాలి?

అనుకూల పక్షం: పట్టిక అంత సులువుగా ఉండటంలోనే దాని లోపమూ ఉంది. వయసు కింద పదమూడేళ్ళ ఓడకీ నలభై ఏళ్ళ ఓడకీ అందులో వచ్చేది ఒకే ఒక్క పాయింటు. రెండు పాయింట్లు పడే రకాల్లో పశువుల ఓడలు లేనే లేవు. సౌదీకి ఇది చిన్న విషయం కాదు. హజ్ కాలంలో ఖుర్బానీ కోసం, మిగతా రోజుల్లో మాంసం కోసం సూడాన్, సోమాలీ తీరం, రుమేనియా వంటి చోట్ల నుంచి గొర్రెలు ఓడల్లోనే వస్తాయి. ఆ ఓడల్లో చాలావరకు వేరే సరుకుకి కట్టినవి, ముసలివయ్యాక పశువులకి మార్చినవి. 2019 నవంబరులో రుమేనియాలోని మిడియా రేవు నుంచి జెద్దాకు బయలుదేరిన క్వీన్ హింద్, రేవు దాటిన కాసేపటికే పక్కకు ఒరిగిపోయింది. అందులో 14 వేలకు పైగా గొర్రెలున్నాయి. సిబ్బంది బయటపడ్డారు గానీ గొర్రెలు దాదాపు అన్నీ పోయాయి. అది 1980లో కట్టిన ఓడ, పలావు దేశపు జెండాది. ముప్పై తొమ్మిదేళ్ళ ఆ ఓడకు పట్టికలో వయసు కింద ఒకటి, రకం కింద సున్నా. మోడల్‌కు ఇలాంటి గీతలు ఎవరూ ముందే గీసి ఇవ్వరు. వయసు, రకం, జెండా, తరచూ మారే యాజమాన్యం, వెనకటి లోపాల స్వభావం కలిసినప్పుడు ప్రమాదం ఎలా పెరుగుతుందో అది రికార్డుల నుంచే నేర్చుకుంటుంది. హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆసియా-పసిఫిక్ ప్రాంతపు టోక్యో ఒప్పందం కింద జరిగిన తనిఖీల రికార్డులతో ఇలాంటి మోడళ్ళను పరీక్షించారు. లోపాలున్న ఓడలను ముందు వరసలోకి తేవడంలో అవి పాయింట్ల పద్ధతిని మించాయని చూపించారు.

సంశయ పక్షం: గొర్రెల ఓడల సంగతి వచ్చింది కనుక దాన్నే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళాలి. 2022 జూన్‌లో సూడాన్‌లోని సువాకిన్ రేవులో సౌదీకి బయలుదేరవలసిన బదర్ 1 మునిగిపోయింది. 9 వేల గొర్రెలు ఎక్కించవలసిన ఓడలో 15 వేలకు పైగా ఎక్కించారని అక్కడి అధికారులు చెప్పినట్టు వార్తలు వచ్చాయి. ఆ ప్రమాదం ఓడ వయసులోనో జెండాలోనో లేదు, ఆ రోజు జరిగిన ఎక్కింపులో ఉంది. దానికంటే పెద్ద ఉదాహరణ ఉంది. 2006 ఫిబ్రవరిలో అల్ సలామ్ బొకాచియో 98 అనే ఫెర్రీ దాదాపు 1,400 మందితో సౌదీలోని దుబా నుంచి ఈజిప్టులోని సఫాగాకు బయలుదేరింది. వాళ్ళలో ఎక్కువమంది సౌదీలో పనిచేసి ఇంటికి పోతున్న ఈజిప్టు కార్మికులు. వాహనాల డెక్కు మీద నిప్పంటుకుంది. ఆర్పడానికి పోసిన నీరు బయటికి పోవలసిన తూములు మూసుకుపోయాయి. డెక్కు మీద నిలిచిన నీరు ఒక పక్కకు పారి ఓడను ఒరగదోసింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. తూములో చెత్త ఇరుక్కుందన్న సమాచారం ఏ డేటాబేసులో దొరుకుతుంది? డెక్కు మీద నడిచి, వంగి, చేయి పెట్టి చూసిన మనిషికే అది తెలుస్తుంది.

అనుకూల పక్షం: తూము సంగతి మోడల్‌కు తెలియదన్నది నిజమే. తెలుస్తుందని ఎవరూ అనడం లేదు. కానీ చేయి పెట్టి చూసే మనిషి ముందు ఆ ఓడ దాకా చేరాలి. బొకాచియో 1970లో కట్టిన ఓడ. తరవాత పైన అంతస్తులు పెంచారు. దుబా నుంచి బయలుదేరే నాటికి దానికి దాదాపు ముప్పై ఆరేళ్ళు. పాతదనం, మార్పులు చేసిన కట్టడం, కిక్కిరిసిన ప్రయాణికులు, ఒకే దారిలో విరామం లేని తిరుగుడు: ఇవన్నీ రికార్డుల్లో కనిపించే సంగతులే. ఇలాంటి ఓడను వరసలో పైకి తెచ్చి, ‘దీన్ని ఎక్కి చూడండి, ముఖ్యంగా నిప్పు, నీరు, వాహనాల డెక్కు’ అని చెప్పడమే మోడల్ పని. బదర్ 1 విషయంలోనూ పూర్తిగా చేతులెత్తేయనక్కర్లేదు. ఓడలు తమ గుర్తింపును, స్థానాన్ని చెప్పే ఏఐఎస్ పరికరం ద్వారా పంపే వివరాల్లో నీటిలో ఎంత లోతు మునిగి ఉన్నాయన్న అంకె కూడా ఉంటుంది. గత ప్రయాణాల అంకెలతో పోల్చి చూస్తే అధిక బరువు అనుమానం ముందే రావచ్చు.

సంశయ పక్షం: ఆ లోతు అంకె ఓడలో ఎవరో చేత్తో నమోదు చేసేది. బరువు దాచదలుచుకున్నవాడు పాత అంకెనే ఉంచేస్తాడు. అసలు చిక్కు అంతకంటే లోతైనది. మోడల్ నేర్చుకునేది ప్రమాదాల నుంచి కాదు, నిలిపివేతల నుంచి. ఆ నిలిపివేతలు కూడా తనిఖీకి ఎంచుకున్న ఓడల్లోనే నమోదయ్యాయి. వాటిని ఎంచుకున్నది పాత పట్టిక. పట్టిక పంపని చోటికి అధికారి వెళ్ళలేదు, వెళ్ళని చోట లోపం నమోదు కాలేదు, నమోదు కాని లోపం మోడల్ లెక్కలో లేనట్టే. అలాంటి మోడల్ పాత అలవాటునే కొత్త అంకెలతో సమర్థిస్తుంది. అధికారికీ అధికారికీ మధ్య తేడా కూడా ఉంది. ఒక రేవులో ‘బయలుదేరేలోగా సరిచేయండి’ అని రాసి వదిలే లోపానికి మరో రేవులో ఓడనే ఆపేస్తారు. ఇక కచ్చితత్వం మాట. పారిస్ పరిధిలో తనిఖీ చేసిన ఓడల్లో ఇటీవలి సంవత్సరాల్లో నిలిపివేసినవి నూటికి మూడు నాలుగు. నూటికి మూడే అనుకున్నా, ప్రతి ఓడకూ కళ్ళు మూసుకుని ‘సురక్షితం’ అని చెప్పే ప్రోగ్రాముకు 97 శాతం కచ్చితత్వం వస్తుంది. అది ఒక్క చెడ్డ ఓడనూ పట్టదు.

అనుకూల పక్షం: కచ్చితత్వం శాతం ఇక్కడ పనికిమాలిన కొలమానమని ఈ రంగంలో పనిచేసేవాళ్ళు మొదటే చెబుతారు. కొలవవలసింది వరసను. వెయ్యి ఓడలు వచ్చాయని, వాటిలో 30 నిజంగా ఆపదగ్గవని, అధికారులు వంద మాత్రమే చూడగలరని అనుకుందాం. చీట్లు తీసి వందను ఎంచితే సగటున మూడు దొరుకుతాయి. మోడల్ పైకి తెచ్చిన వందలో 15 దొరికితే, అదే శ్రమకు ఐదు రెట్లు ఫలితం. అరుదైన సంఘటనల నుంచి నేర్పడానికి శిక్షణ డేటాలో ఆపదగ్గ ఓడలకూ మంచి ఓడలకూ సమానంగా చోటిచ్చే పద్ధతులున్నాయి. పాత ఏళ్ళ రికార్డులతో నేర్పి, ఆ తరవాతి ఏళ్ళ రికార్డులతో పరీక్షించడం మరో జాగ్రత్త. తనిఖీల్లో కొంత వాటాను స్కోరుతో పని లేకుండా చీట్ల పద్ధతికి వదిలితే, ఎవరూ ఎక్కని ఓడల సంగతీ బయటికి వస్తుంది. పాత అలవాటు తనను తానే సమర్థించుకునే వలయం అక్కడ తెగుతుంది. అధికారుల మధ్య తేడాలను కూడా దాచనవసరం లేదు. రేవును, తనిఖీ రకాన్ని లెక్కలో చేరిస్తే ఏ తేడా ఓడది, ఏ తేడా చూసేవారిది అన్నది కొంతవరకైనా విడదీయవచ్చు.

సంశయ పక్షం: చీట్ల వాటా మంచి జవాబే, దాన్ని ఒప్పుకోవాలి. అయితే అదే లెక్కలో ఆ 30లో మిగిలిన 15 ఓడలు ఎవరూ ఎక్కని తొమ్మిది వందల్లో ఉండిపోయాయి. వాటిలో కొన్నిటినే చీట్లు పట్టిస్తాయి. ఎర్ర సముద్రం దగ్గరికి వస్తే ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. సౌదీ రియాద్ ఒప్పందంలో ఉంది. ఈజిప్టు 1997 నాటి మధ్యధరా ఒప్పందంలో ఉంది. సూడాన్ 1998 నాటి హిందూ మహాసముద్ర ఒప్పందంలో ఉంది. భారత్ కూడా అందులోనే ఉంది, విశాఖ, కాకినాడల్లో జరిగే తనిఖీలు ఆ లెక్కలోకే చేరతాయి. దుబా, సఫాగాల మధ్య తిరిగే ఫెర్రీ ప్రతి ప్రయాణంలోనూ ఒక ఒప్పందం నుంచి మరో ఒప్పందంలోకి దాటుతుంది. సువాకిన్ నుంచి జెద్దాకు వచ్చే ఓడదీ అంతే. ఇక సౌదీ గల్ఫ్ తీరంలోని రాస్ తనూరాలో చమురు ఎక్కించుకునే పెద్ద ట్యాంకర్లను ప్రభుత్వ తనిఖీకి తోడు చమురు కంపెనీల సంఘం 1993 నుంచి సైర్ పేరుతో తానూ తనిఖీ చేయిస్తోంది. ప్రమాదం మీద కాపలా గట్టిగా ఉన్నచోటే డేటా దండిగా ఉంది. పాత ఫెర్రీ దగ్గర, గొర్రెల ఓడ దగ్గర పలచబడింది. సరిగ్గా ఎక్కడ హెచ్చరిక కావాలో అక్కడే మోడల్‌కు పట్టు తక్కువ.

అనుకూల పక్షం: డేటా ముక్కలైపోవడం నిజమైన లోపం. కానీ అది మోడల్‌కు మాత్రమే ఎదురయ్యే లోపం కాదు. దుబాలో ఓడలోకి దారితీసే గ్యాంగ్‌వే ఎక్కే అధికారికీ సఫాగాలో రాసిన లోపాల పత్రం కనబడకపోతే అతనూ గుడ్డిగానే మొదలుపెడతాడు. పరిష్కారం ఒక్కటే, రికార్డులను కలపడం. 1996 నుంచి ఓడలకు ఐఎంఓ (అంతర్జాతీయ సముద్ర సంస్థ) గుర్తింపు నంబరు తప్పనిసరి. ఓడ పేరు మార్చినా, జెండా మార్చినా, యజమాని మారినా ఆ నంబరు మారదు. దాన్ని పట్టుకుని వేర్వేరు ఒప్పందాల రికార్డులను ఒకే చరిత్రగా కుట్టవచ్చు. ఈక్వాసిస్ అనే బహిరంగ డేటాబేసు 2000 నుంచి ఆ పని కొంతమేరకు చేస్తూనే ఉంది. సౌదీలో రేవులను మవానీ అనే ప్రభుత్వ రేవుల సంస్థ నడుపుతుంది. డేటాకు, కృత్రిమ మేధకు 2019లోనే సదాయా పేరుతో ప్రత్యేక జాతీయ సంస్థ ఏర్పడింది. సాధనాలు, నిధులు, నిపుణులు ఉన్న దేశం అది. మోడల్ కావాలన్న ఒత్తిడి వస్తే ఏళ్ళుగా కదలని రికార్డుల మార్పిడి కూడా కదులుతుంది. ఓడ మునిగాక విచారణ కమిటీ రికార్డులు తవ్వితే అది దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే.

సంశయ పక్షం: రికార్డులన్నీ కలిశాయనే అనుకుందాం. అవి నిన్నటివి, లోకం మాత్రం ఇవాళ్టిది. కరోనా ఏడాది పారిస్ పరిధిలో తనిఖీలు సుమారు 18 వేల నుంచి 13 వేలకు పడిపోయాయి. ఆ కాలంలో లోపం రాయలేదంటే ఓడ బాగుందని అర్థమా, ఎవరూ ఎక్కలేదని అర్థమా? 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక పెద్ద కంపెనీల కంటైనర్ ఓడలు గుడ్‌హోప్ అగ్రం చుట్టూ తిరిగి పోసాగాయి. దాంతో ఈ దారిలో వచ్చే ఓడల తీరే మారిపోయింది. ఒక తీరు ఓడలతో నేర్చుకున్న మోడల్ మరో తీరు ఓడల మీద అంతే ధీమాగా అంకెలు చెబుతుంది. తాను తడబడుతున్నట్టు చెప్పదు. పైగా యజమానులు చేతులు కట్టుకుని కూర్చోరు. జెండా మారిస్తే స్కోరు తగ్గుతుందని తెలిస్తే జెండా మారుస్తారు. కొత్త పేరుతో కంపెనీ పెడితే వెనకటి చరిత్ర తుడిచిపెట్టుకుపోతుందని తెలిస్తే కంపెనీ పెడతారు. ఆంక్షలను తప్పించుకుని తిరిగే, ఇటీవల పెరిగిన ‘నీడ ఓడల’ (షాడో ఫ్లీట్) గుంపులో ఏఐఎస్ కట్టేయడం, లేని జెండా ఎగరేయడం మామూలైపోయాయి.

అనుకూల పక్షం: జెండాలు మార్చే ఆట పట్టిక కాలంలోనే ముదిరింది, ఎందుకంటే పట్టికలో ఏ గడి మారిస్తే చాలో అందరికీ తెలుసు. మోడల్‌లో జెండా మార్పే ఒక సూచన అవుతుంది. రెండేళ్ళలో మూడు జెండాలు మార్చిన ఓడ మూడో జెండా ఎంత మంచిదైనా అనుమానించదగ్గదే. ఏఐఎస్ సంకేతం ఎక్కడెక్కడ తెగిందో కూడా ఒక సూచనే. కాలం మారినప్పుడు మోడల్ పాతబడుతుందన్నది ఒప్పుకోవలసిన మాట. అందుకే దాన్ని ఒకసారి కట్టి వదిలేయకూడదు. స్కోరుకూ తనిఖీలో దొరికిన దానికీ ఎంత తేడా వస్తోందో నెలనెలా చూసి, తేడా పెరిగితే మళ్ళీ నేర్పాలి, లేదా పక్కన పెట్టాలి.

సంశయ పక్షం: పక్కన పెట్టే అధికారం ఎవరికి, బాధ్యత ఎవరిది? ఓడల భద్రత మీద అంతర్జాతీయ ఒప్పందమైన సోలాస్ మొదటి అధ్యాయంలోని 19వ నిబంధన ప్రకారం ఓడను అకారణంగా ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు. అలా చేస్తే కలిగిన నష్టానికి పరిహారం కోరే హక్కు ఓడకు ఉంది. ఎందుకు ఆపారని అడిగితే అధికారి కారణం చూపాలి, ‘యంత్రం చెప్పింది’ అనడం కారణం కాదు. దీనికంటే మెల్లగా పాకే ప్రమాదం అధికారి మనసులో ఉంటుంది. చేతిలో ఎర్ర స్కోరు ఉంటే అతను లోపం దొరికేదాకా వెతుకుతాడు. పచ్చ స్కోరు ఉంటే పత్రాలు తిరగేసి దిగిపోతాడు. పత్రాలు సరిగ్గా ఉన్న ఓడలోనే ఎమర్జెన్సీ ఫైర్ పంపు స్టార్ట్ చేయమంటే తిరగకపోవచ్చు. పని, విశ్రాంతి గంటల రిజిస్టరులో నెలంతా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే అంకెలు కనిపిస్తే దాన్ని ఎవరో ఒకే పూట కూర్చుని నింపారని అనుభవమున్న అధికారికి అర్థమవుతుంది. జీతం అందని నావికుడు చాటుగా చెప్పే మాట ఏ స్కోరులోకీ ముందే రాదు.

అనుకూల పక్షం: అందుకే ఓడను ఆపే నిర్ణయం ఎప్పుడూ డెక్కు మీద కనిపించిన లోపం మీదే ఆధారపడాలి. స్కోరు పని గ్యాంగ్‌వే దగ్గరికి అయిపోవాలి. దానితో పాటు కారణాలూ ఇవ్వాలి: వయసు ఎంత బరువు తూగింది, వెనకటి అగ్నిమాపక లోపాలు ఎంత తూగాయి, జెండా మార్పు ఎంత తూగింది అని విడగొట్టి చూపే పద్ధతులు ఇప్పుడున్నాయి. పచ్చ స్కోరు మత్తు గురించి చెప్పింది బలమైన అభ్యంతరం. దానికి ఒక నియమం పెట్టవచ్చు: పట్టిక ప్రకారం రావలసిన తనిఖీని స్కోరు రద్దు చేయకూడదు, పట్టిక వదిలేసిన ఓడలను జాబితాలోకి చేర్చడానికి మాత్రమే దాన్ని వాడాలి. నావికుల ఫిర్యాదు వస్తే స్కోరుతో సంబంధం లేకుండా ఓడ ఎక్కాలి.

సంశయ పక్షం: ఆ నియమం పెడితే భయం చాలావరకు తగ్గుతుంది. అయితే ఉన్న కొద్దిమంది అధికారులతోనే పని జరుగుతుందన్న మొదటి వాదన కూడా దానితోనే పోతుంది. చేర్చడమే తప్ప తీసేయడం లేని జాబితా పెరుగుతూనే పోతుంది, పెరిగిన జాబితాకు మరింతమంది అధికారులు కావాలి. డబ్బు ఆదా కోసం మోడల్ తెచ్చే ప్రభుత్వం ఆ నియమాన్ని ఎన్నాళ్ళు పాటిస్తుంది?

అనుకూల పక్షం: ఆ ప్రశ్నకు జవాబు మోడల్ కట్టేవాళ్ళ చేతిలో లేదు. మంచి ఓడల మీద పడే అనవసర తనిఖీలు తగ్గితేనే చెడ్డ ఓడలకు సమయం మిగులుతుందన్నది నిజం. తగ్గించడం మొదలైతే తప్పు జరిగే అవకాశం కూడా మొదలవుతుందన్నదీ నిజమే. ఎంత తగ్గించాలి, ఎంత వాటా చీట్లకు వదలాలి అన్నది సముద్ర రవాణాను నియంత్రించే అధికారులు బహిరంగంగా తేల్చి, ఏటా ఫలితాలు ప్రకటించవలసిన విధానం.

సంశయ పక్షం: అంతవరకైతే పేచీ లేదు. ఆ విధానం కాగితం మీదికి రావడానికి ముందు తేలవలసిన పని మరొకటి ఉంది. ఎర్ర సముద్రానికి రెండు వైపులా ఉన్న రేవుల తనిఖీ రికార్డులు మూడు వేర్వేరు ఒప్పందాల కింద ఉన్నంతకాలం, దుబా, సువాకిన్, సఫాగాల మధ్య తిరిగే ఓడ పూర్తి చరిత్ర మనిషికీ దొరకదు, మోడల్‌కూ దొరకదు.